నెవాడా కుదుపు, మాస్కో సంతకం

1957 సెప్టెంబరు 19న అమెరికా నెవాడా ఎడారిలో ఓ కొండలో సొరంగం తొలిచి, లోపల అణుబాంబు పేల్చింది. పేరు రెయినియర్, శక్తి 1.7 కిలోటన్నులు. దాని కుదుపు ఎంత దూరం అందిందన్నది చూస్తుండగానే దౌత్య వివాదమైంది.

250 మైళ్లు దాటి ఎక్కడా నమోదు కాలేదని 1958లో అమెరికా అణుశక్తి సంఘం ప్రకటించింది. దొంగచాటు పేలుళ్లను పట్టుకోలేనప్పుడు పరీక్షల నిషేధం దండగన్న వాదనకు ఇంతకన్నా బలం ఏం కావాలి? ఐ.ఎఫ్.స్టోన్ అనే పాత్రికేయుడు మాత్రం నమ్మలేదు. సొంతంగా చిన్న వారపత్రిక నడుపుకొనే ఆయన, భూకంపాలు నమోదు చేసే ప్రభుత్వ శాఖనే ఆరా తీశాడు. 2,300 మైళ్ల దూరాన అలాస్కాలోనూ ఆ కుదుపు తెలిసిందట! సంఘం తన ప్రకటన సవరించుకోక తప్పలేదు. ప్రభుత్వం దాచాలనుకున్నది ప్రభుత్వ కాగితాల్లోనే దొరకడం స్టోన్‌కు కొత్తేమీ కాదు.

ఆ వేసవిలో జెనీవాలో అమెరికా, సోవియట్ శిబిరాల శాస్త్రవేత్తలు కూర్చున్నారు. భూమ్మీద 160-170 కేంద్రాలు, సముద్రంలో పది నౌకలు ఉంటే 5 కిలోటన్నులంత చిన్న పేలుళ్లను కూడా పసిగట్టవచ్చని తేల్చారు. పేలుడు నేలను అన్ని వైపులకూ నెడుతుంది. భూకంపంలో కొన్ని దిక్కులకు నెట్టుడు, కొన్ని దిక్కులకు లాగుడు. కుదుపు చిన్నదైతే ఈ తేడా చదవడం కష్టం. అదే ఏడాది చివర్లో జరిగిన కొత్త పరీక్షలు చూశాక, జెనీవా అంచనా మరీ ఆశావహమైనదని అమెరికా వెనక్కి తగ్గింది. భారీ గుహలో పేలిస్తే కుదుపు ఇంకా అణగిపోతుందన్న సిద్ధాంతమూ తెరమీదికొచ్చింది. సోవియట్లకు ఒళ్లు మండింది.

యంత్రాలు తేల్చలేకపోతే, అనుమానం వచ్చిన చోటికి వెళ్లి తనిఖీ చేయాలి. ఏడాదికి ఎన్నిసార్లు? మూడు చాలన్నాడు సోవియట్ నేత క్రుశ్చేవ్. బేరమాడి ఏడు దాకా దిగింది అమెరికా. నాకైతే ఏడుకూ మూడుకూ మధ్య ఉన్నది శాస్త్రం కాదు, అపనమ్మకమే. చివరికి 1963 ఆగస్టు 5న మాస్కోలో సంతకమైన ఒప్పందం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షల్ని నిషేధించి, భూగర్భాన్ని వదిలేసింది.

ఈ తగువు పుణ్యమా అని అమెరికా కుమ్మరించిన డబ్బుతో ప్రపంచమంతటా ఒకే రకం భూకంప యంత్రాలు వెలిశాయి. బాంబుల కోసం పెట్టిన ఆ యంత్రాలు భూఫలకాల కదలికలకు తిరుగులేని ఆధారాలిచ్చాయి. మన హిందూపురానికి పొరుగునే, కర్ణాటకలోని గౌరీబిదనూరులో అణుశక్తి శాఖ 1960ల్లో నెలకొల్పిన భూకంప పరికరాల వరుస కూడా పేలుళ్ల జాడ తీసేదే.

మాస్కో ఒప్పందంపై భారత్ కూడా 1963లోనే సంతకం చేసింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో బాంబును వంద మీటర్ల లోతున పేల్చింది కాబట్టి, ఆ సంతకానికి భంగం కలగలేదు.