ఫినియాసు గేజి, ఆతని తల్లి



తలకు దెబ్బతగిలి బ్రతికి బయటపడినవానిని గూర్చి, "వాడు మునుపటివాడు కాడు" అని మన గ్రామములలో అనుట కలదు. గాయము మానినది, నడచును, భుజించును, మాటాడును. అయినను ఇంటివారికి ఎవరో పరాయివాడు తమవాని రూపమున తిరుగుచున్నట్లుండును. ఈ దుఃఖమును వైద్యలోకమునకు ఎరుకపరచినది అమెరికాలోని యొక మేస్త్రీ చరిత్రము.

1848వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీని, వెర్మాంటు రాష్ట్రమున కావెండిషు అను గ్రామము చెంత, రైలుదారికై రాళ్లను మందుతో పగులగొట్టుచుండిరి. మేస్త్రీ పేరు ఫినియాసు గేజి; వయస్సు 25 ఏండ్లు. రాతి రంధ్రములో మందు దట్టించుచుండగా నిప్పంటుకొనెను. 3 అడుగుల 7 అంగుళముల పొడవు, 13 పౌనులకు పైబడిన బరువుగల యినుపకడ్డీ ఎడమ చెక్కిట దూరి, కంటివెనుకగా పోయి, నెత్తిని చీల్చుకొని వెలువడెను. చూచినవారు ప్రాణము పోయెననుకొనిరి. అతడో, కొలదిసేపటికే మాటాడెను. ఎద్దుబండిలో కూర్చుండియే బసకు చేరెను!

జాను హార్లో అను యువవైద్యుడు చికిత్స చేసెను. నడుమ గాయము చీముపట్టి, శవపేటికను గూడ సిద్ధపరచుకొనిరి. అయినను పది వారములలో గేజి తలిదండ్రుల యింటికి పోగలిగెను. ఎడమ కంటిచూపు మాత్రము పోయెను.

పోయినది కంటిచూపొక్కటియే కాదు. అంతకుమునుపు నెమ్మది, చురుకు, లెక్కపద్ధతి గలవాడని మెచ్చిన గుత్తదారులే ఆతనిని మరల పనిలో పెట్టుకొనరైరి. నోట దుర్భాషలు, మాట అడ్డిన కోపము, నిమిషమునకొక తలంపు, ఏదియు సాగనీయడు. నుదుటి వెనుకనుండు మెదడుభాగమే కోర్కెకు కళ్లెము వేయునదని నేడు మనమెరుగుదుము. అది చెడినవానిని పొగరుబోతని తిట్టుటయు, గ్రహము సోకెనని కొట్టించుటయు, కాలు విరిగినవానిని పరుగెత్తుమనుట వంటిదే.

పిమ్మట గ్రంథకర్తలు కొందరు గేజిని త్రాగుబోతుగను, దేశదిమ్మరిగను చిత్రించిరి. ఇది నాకు సమ్మతము కాదు. 1852లో అతడు చిలీ దేశమునకు పోయి, వాల్పరైజో, శాంటియాగో నగరముల నడుమ ఆరు గుఱ్ఱముల బండిని చాల యేండ్లు తోలెను. ఆరు గుఱ్ఱముల పగ్గములు పట్టి, ప్రయాణికులను వేళకు చేర్చువాడు కేవలము మతిచెడినవాడగునా? నిత్యము ఒకేవిధమగు పని ఆతని మనస్సును కొంత చక్కబరచెనని నేటి పరిశోధకులు కొందరి యభిప్రాయము.

1859లో ఆరోగ్యము చెడి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లి చెంత చేరెను. మేనల్లుండ్రకు, మేనకోడండ్రకు తన సాహసములను కల్పించి చెప్పి మురిపించెడివాడని ఆమెయే హార్లోకు తెలిపినది. పిల్లలన్న, గుఱ్ఱములన్న, కుక్కలన్న ఆతనికి ప్రాణము. ఆ యినుపకడ్డీపైనను ఆతనికి మిక్కిలి మక్కువ. 1860 ఫిబ్రవరిలో మూర్ఛలు మొదలయ్యెను. మే 21వ తేదీని మరణించెను.

1866లో హార్లో ఆ తల్లి జాడ తెలిసికొని ఉత్తరము వ్రాసెను. కుమారుని సమాధిని త్రవ్వించి పుఱ్ఱెను వైద్యశాస్త్రమున కిమ్మని కోరిక. ఆమె డెబ్బదియేండ్లకు చేరువైన వృద్ధురాలు. అంగీకరించినది. 1867లో సమాధి తెరచిరి. ఆ పుఱ్ఱె, ఆ కడ్డీ నేడు హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన వారెన్ ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నవి.