సున్నం ఊడిన చర్చీ, చీర కట్టిన మరియమ్మా

గోవా అనగానే మావారికి సముద్రం, పిల్లలకి ఇసుక, నాకేమో జీడిపప్పు బేరం గుర్తొస్తాయి. మొన్న కూడా ఆ లెక్కలోనే బయల్దేరాం. "ఇంతదూరం వచ్చి పాత గోవా చర్చీలు చూడకుండా పోతే నలుగురిలో ఏం చెప్పుకుంటాం?" అని పట్టుబట్టింది మా వదిన. ఆవిడ మాటకి మా ఇంట్లో ఎదురులేదు.

బాం జీసస్ బసిలికా 1605లో పూర్తయింది. ఎర్రటి రాయి, గరుకు గరుకుగా, గోడనిండా చిన్నచిన్న గుంటలు. "చూశావా వదినా! నాలుగొందల ఏళ్ళుగా ఇలాగే నిలబడింది" అన్నాను. చరిత్ర చదువుకున్నదాన్ని, ఆమాత్రం ధీమా ఉండదూ!

ఆ ధీమా కాస్తా సాయంత్రం పణజిలో పాత ఫొటోల ప్రదర్శనలో దిగిపోయింది. అక్కడ ఓ నలుపు తెలుపు బొమ్మలో తెల్లగా మెరిసిపోతున్న చర్చి ఒకటుంది. వేరేదేమో అనుకున్నాను. కాదు, పొద్దున మేం చూసిందే! 1950ల దాకా దానికి సున్నపు గచ్చు ఉండేదట. బల్తజార్ కాస్ట్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి వచ్చి, పాత కట్టడం పాతగా కనబడాలని ఆ గచ్చంతా గీకించేశాడు. వయసు తెలియాలని ఉన్న జుట్టు నెరిపించినట్టు లేదూ? రోడ్డుకి అవతల సే కెథెడ్రల్ తెల్లగానే ఉంది. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు ఎందుకయ్యాయో పొద్దున నాకు తట్టనేలేదు.

ఆ రాయి లేటరైటు. స్పంజిలాగా నీళ్ళు పీలుస్తుంది. గోవా వానల సంగతి తెలిసిందే. మా అమ్మ ఏటా సంక్రాంతి ముందు గోడలకి సున్నం వేయిస్తుంటే అందానికనుకునేదాన్ని. గోడకి అదే గొడుగని ఇన్నేళ్ళకి తెలిసింది. గచ్చు మళ్ళీ వేయాలనేవాళ్ళూ, జనం ఈ ఎరుపుకే అలవాటు పడ్డారు, ఉండనివ్వమనేవాళ్ళూ ఈమధ్య గట్టిగానే వాదించుకున్నారు. నా ఓటు మాత్రం సున్నానికే.

మర్నాడు పొర్వొరిం‌లోని జేవియర్ చరిత్ర పరిశోధన కేంద్రానికి వెళ్ళాం. అక్కడున్నవి ఆంజెలో ద ఫొన్సెకా చిత్రాలు. చాలావరకూ కాగితం మీద నీటిరంగులే. మొదటి బొమ్మ దగ్గరే వదిన ఆగిపోయింది. తలమీదుగా చీరకొంగు, ఒళ్ళో బిడ్డ. మరియమ్మ!

ఫొన్సెకా 1902లో గోవాలోనే పుట్టాడు. వైద్యం చదవబోయి మానేసి, అవనీంద్రనాథ్ ఠాగూరు, నందలాల్ బోసుల దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. రంగు వేసి, నీళ్ళతో తడిపి, ఆరాక మళ్ళీ వేసే బెంగాలీ పద్ధతి ఆయనకి అక్కడే పట్టుబడింది. 1930లలో సొంత ఊరికొచ్చి మేరీమాతకి చీర కడితే గోవా పెద్దమనుషులకి ఒళ్ళు మండింది. దేవుడి తల్లి గౌనులో ఉండాలి గానీ చీరేమిటని! ఇటలీ చిత్రకారులు ఆవిడని తమ ఊరి ఆడపిల్లలా వేసుకుంటే లేని తప్పు ఇక్కడెందుకొచ్చిందో. మన రవివర్మ 1894లో అచ్చు యంత్రం పెట్టి, చీరలో ఉన్న లక్ష్మిని ఊరూరికీ పంపితే పటం కట్టించి పూజ చేసుకున్నాం. ఫొన్సెకా మాత్రం ఊరు విడిచి పూనా పోవలసి వచ్చింది. అక్కడ క్రిస్త ప్రేమ సేవా సంఘం ఆశ్రమం ఆయనకి చోటిచ్చింది.

1951లో ఐవీ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత వేసిన మరియమ్మలకి చాలాసార్లు ఆవిడ ముఖమే వచ్చింది. 1967లో ఆయన పోయాడు. అప్పటికి గోవాలో పోర్చుగీసు పాలన పోయి ఆరేళ్ళే. తన దగ్గరున్న బొమ్మల్ని ఐవీ దశాబ్దాల తరబడి కాపాడి, చివరికి ఏ ఊరు కాదందో ఆ గోవాకే, ఈ కేంద్రానికే, అప్పజెప్పింది. కాగితమండీ! చెమ్మ తగిలితే బూజు, ఏమరితే చెదలు. పట్టుచీరలు దాచుకునే మనకి తెలియదా ఆ పాట్లు?

వదిన కళ్ళజోడు సవరించుకుని బొమ్మకి మరీ దగ్గరగా వెళ్ళింది.

"ఈ కొంగు చూడు. రోజూ ఇంట్లో చూసేవాడు వేసిన కొంగే ఇది" అంది.