చిరంజీవి చారిటబుల్ ట్రస్టు

చిరంజీవి చారిటబుల్ ట్రస్టు హైదరాబాదులోని జూబ్లీహిల్స్ కేంద్రంగా పనిచేస్తున్న స్వచ్ఛంద సేవా సంస్థ. తెలుగు సినిమా నటుడు చిరంజీవి దీనిని 1998 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, స్థాపించాడు. రక్తనిధి, నేత్రనిధి దీని ప్రధాన విభాగాలు. వీటిని ప్రజలు బ్లడ్ బ్యాంకు, ఐ బ్యాంకు అని వ్యవహరిస్తారు. ఒక నటుని అభిమానులను స్వచ్ఛంద రక్తదాతలుగా మలచడం ఈ సంస్థ ప్రత్యేకత.

నేపథ్యం

తెలుగు సినిమా ప్రముఖులు సమాజసేవలో పాలుపంచుకోవడం కొత్త విషయం కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు తదితర నటులు బాధితుల కోసం విరాళాలు సేకరించారు. దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన స్థలము, విరాళము ఆధారంగా డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో కంటి వైద్య సంస్థను నెలకొల్పాడు. జూబ్లీహిల్స్‌ను ఆనుకొని ఉన్న బంజారాహిల్స్‌లో ఇది ఎల్.వి.ప్రసాద్ పేరుతోనే నడుస్తున్నది. మొదటిది ఆపద వచ్చినపుడు చేసిన సాయం కాగా, రెండవది నిత్యం నడిచే సంస్థ. చిరంజీవి ట్రస్టు రెండవ కోవకు చెందుతుంది. అయితే దీనికి మూలాధారం ధనం కంటే దాతలుగా ముందుకు వచ్చే మనుషులే.

సంస్థ స్థాపించిన కాలం కూడా గమనించదగినది. అంతకుముందు దేశంలో డబ్బు తీసుకొని రక్తం ఇచ్చేవారిపై రక్తనిధులు చాలావరకు ఆధారపడేవి. డబ్బు అవసరం ఉన్నవారు తమ జబ్బులను దాచి, తరచుగా రక్తం అమ్ముకోవడం వలన ఎయిడ్స్, కామెర్ల వంటి వ్యాధులు రోగులకు సంక్రమించే ప్రమాదముండేది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తం కొనుగోలు నిషేధింపబడింది. దీనితో అమ్మకందారుల స్థానాన్ని స్వచ్ఛంద దాతలతో భర్తీ చేయవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఈ ట్రస్టు ప్రారంభమైంది.

రక్తనిధి

రక్తాన్ని కర్మాగారంలో తయారు చేయలేరు. ధాన్యం వలె ఏళ్ళ తరబడి నిల్వ ఉంచడమూ సాధ్యం కాదు. ఎర్ర రక్తకణాలు సుమారు 35 నుండి 42 రోజులు, ప్లేట్‌లెట్లు కేవలం 5 రోజులు నిల్వ ఉంటాయి. ప్లాస్మాను మాత్రం గడ్డకట్టించి ఏడాది వరకు భద్రపరచవచ్చు. సేకరించిన ప్రతి యూనిట్‌ను హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షించిన తరువాతనే రోగికి ఎక్కిస్తారు. రక్తానికి వెల కట్టరాదు. పరీక్షలు, నిల్వ మొదలైన వాటికి అయ్యే ఖర్చును మాత్రమే నిబంధనల ప్రకారం వసూలు చేయవచ్చు.

భారతదేశంలో 18 నుండి 65 సంవత్సరాల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, రక్తంలో 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ కలిగిన ఆరోగ్యవంతులు రక్తదానం చేయవచ్చు. ఒకసారి ఇచ్చిన తరువాత పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. అనగా ఒక పురుషుడు ఏడాదికి నాలుగు సార్లకు మించి ఇవ్వలేడు. తలసీమియా వ్యాధి ఉన్న బిడ్డకు మూడు వారాల కొకసారి ఒక యూనిట్ చొప్పున ఎక్కించినా ఏడాదికి 17 యూనిట్లు కావాలి. ఆ ఒక్క బిడ్డ కోసం కనీసం ఐదుగురు క్రమం తప్పని దాతలు ఉండాలన్నమాట.

అభిమానుల పాత్ర

తెలుగు నాట అభిమాన సంఘాలు ఊరూరా ఉన్నాయి. సినిమా విడుదలైనపుడు తోరణాలు కట్టడం, కటౌట్లకు దండలు వేయడం వీటి పరిపాటి. ఈ ఉత్సాహాన్ని ట్రస్టు రక్తదానం వైపు మళ్ళించింది. ఆగస్టు 22న చిరంజీవి పుట్టినరోజు సందర్భంగా అభిమానులు రక్తదాన శిబిరాలు నిర్వహిస్తారు.

అయితే ఒక్క రోజు శిబిరాలతో సమస్య తీరదు. ఒకేసారి సేకరించిన రక్తం నెలన్నర దాటితే పనికిరాదు. వేసవిలో కళాశాలలకు సెలవులు కావడంతో దాతలు తగ్గి రక్తనిధులలో కొరత ఏర్పడుతుంది. కనుక శిబిరానికి ఎంతమంది వచ్చారనే దానికంటే, వారిలో ఎంతమంది గడువు తీరగానే మళ్ళీ వచ్చారన్నది ముఖ్యం.

నేత్రనిధి

మరణానంతరం ఆరు గంటల లోపు కార్నియా అనబడే కంటి పారదర్శక పొరను సేకరించవలసి ఉంటుంది. ఒకరి నేత్రదానం వలన ఇద్దరికి చూపు రావచ్చు. బ్రతికి ఉండగా హామీపత్రం రాసినా, మరణ సమయంలో కుటుంబ సభ్యులు కబురు చేయకపోతే అది నెరవేరదు. అందువలన తమ నిర్ణయాన్ని ఇంట్లో ముందుగానే తెలియజేయడం అవసరం.

కరోనా కాలంలో

2020 లాక్‌డౌన్‌లో శిబిరాలు ఆగిపోయి రక్తం కొరత ఏర్పడింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో చిరంజీవి స్వయంగా తన రక్తనిధిలో రక్తదానం చేసి, ఇతరులను కూడా ముందుకు రమ్మని కోరాడు. షూటింగులు నిలిచి ఉపాధి కోల్పోయిన సినీ కార్మికులకు అతని నాయకత్వంలో ఏర్పడిన కరోనా క్రైసిస్ చారిటీ నిత్యావసర సరుకులు అందజేసింది. 2021 మే నెలలో ట్రస్టు రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాలలో ఆక్సిజన్ బ్యాంకులు నెలకొల్పింది.

ప్రాముఖ్యత

చిరంజీవి 2008లో ప్రజారాజ్యం పార్టీ స్థాపించాడు. 2011లో ఆ పార్టీ కాంగ్రెసులో విలీనమైంది. 2007 తరువాత 2017లో ఖైదీ నంబర్ 150 వచ్చేవరకు అతను కథానాయకునిగా నటించలేదు. పార్టీ కనుమరుగైనా, సినిమాలకు విరామం వచ్చినా రక్తనిధి పని కొనసాగడం విశేషం. చిరంజీవికి 2006లో పద్మభూషణ్, 2024లో పద్మవిభూషణ్ పురస్కారాలు లభించాయి.

ఒక వ్యక్తి పేరుపై నిలిచిన సంస్థకు ఒక పరిమితి కూడా ఉంది. 1983లో ఖైదీ చిత్రం విడుదలైన నాటికి పాతికేళ్ళున్న అభిమాని 2023 నాటికి 65 ఏళ్ళకు చేరి, రక్తదానానికి వయోపరిమితి దాటుతాడు. అతని స్థానంలో 18 ఏళ్ళు నిండిన మరొకరు చేరాలి. ఆ యువకునికి నటునిపై అభిమానం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. రోగికి మాత్రం రక్తం అవసరమే. అభిమానంతో మొదలైన అలవాటును పౌరధర్మంగా తరువాతి తరానికి అందించడంపైనే ఇటువంటి సేవల మనుగడ ఆధారపడి ఉంటుంది.