పైకప్పు లేని పెట్టె: చౌక ఆపరేటింగ్ సిస్టమ్‌ల పరిమితులపై ఒక పరిశీలన

ప్రస్తావన

మూసాపేట మెట్రో స్టేషన్ దిగి లోపలి వీధుల్లోకి నడిస్తే జిరాక్స్ షాపులు, ఆన్‌లైన్ సెంటర్లు కనిపిస్తాయి. కైతలాపూర్ వంతెన దాటితే హైటెక్ సిటీ, ఇంకొంచెం ముందుకెళ్తే గచ్చిబౌలి. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాదులో 1998 నుంచి పనిచేస్తోంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికీ, దానితో పూట గడుపుకునేవారికీ మధ్య ఇక్కడ కొద్ది కిలోమీటర్ల దూరమే. తక్కువ ఆదాయ వర్గాల కోసమని వచ్చిన చౌక ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఈ రెండో వారి వైపు నుంచి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. చౌకగా అమ్మడం తప్పు కాదు, ఉన్న సౌకర్యానికి తాళం వేసి లేనట్టు చేయడమే తప్పన్నది నా ప్రతిపాదన.

కోతల స్వరూపం

విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్ 2004లో థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియాలకు, 2005లో హిందీ రూపంలో మన దేశానికి వచ్చింది. దీన్ని విడిగా అమ్మలేదు, కొత్త కంప్యూటర్‌తో కలిపే ఇచ్చారు. ఇందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములే నడుస్తాయి, నాలుగోది తెరుచుకోదు. ఇంటిల్లిపాదికీ వేర్వేరు యూజర్ ఖాతాలు పెట్టుకునే వీలు లేదు. రెండు కంప్యూటర్లను కలిపి ఫైళ్లు, ప్రింటర్ పంచుకోవడమూ కుదరదు.

2009 నాటి విండోస్ 7 స్టార్టర్‌లోనూ మూడు ప్రోగ్రాముల నిబంధన పెట్టాలనుకుని, విడుదలకు ముందే మే నెలలో ఎత్తేశారు. అయినా తెర మీది బొమ్మను మార్చుకునే స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. అదనంగా డబ్బు కట్టి 'ఎనీటైమ్ అప్‌గ్రేడ్' కీ కొంటే చాలు, డిస్కులో అప్పటికే ఉన్న సౌకర్యాలు తెరుచుకునేవి.

కౌంటర్ దగ్గర

ఎక్స్‌పీ స్టార్టర్‌లోని మూడు ప్రోగ్రాముల నిబంధనను ఒక మామూలు పని మీద పెట్టి చూద్దాం. ఒక తల్లి కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం ఆన్‌లైన్ సెంటర్‌కు వచ్చిందనుకోండి. ఆపరేటర్ కులం సర్టిఫికెట్‌ను స్కాన్ చేయాలి, ఫోటో సైజు తగ్గించాలి, బ్రౌజర్‌లో ఫారం నింపాలి, మధ్యలో తెలుగులో ఒక విన్నపం టైప్ చేయాలి. స్కానర్ ప్రోగ్రాము, ఫోటో ఎడిటర్, బ్రౌజర్‌తోనే మూడు పూర్తయ్యాయి. విన్నపం టైప్ చేయాలంటే ఒకదాన్ని మూయాలి. ఫారం మూస్తే నింపినదంతా పోతుంది. వెనుక లైన్లో మనుషులు నిలబడి ఉంటారు. చౌక కంప్యూటర్ మిగిల్చిన డబ్బు ఇలా టైము రూపంలో ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు బిల్లులో కనిపించదు.

ధర వెనుక సూత్రం

సరుకును కావాలని తగ్గించి చౌకగా అమ్మడం కంప్యూటర్లతో పుట్టిన సంగతి కాదు. మూడో తరగతి రైలు పెట్టెలకు పైకప్పు ఎందుకు వేసేవారు కాదో ఫ్రెంచ్ ఇంజనీరు జూల్ ద్యుప్యుయి 1849లోనే వివరించాడు. కప్పు వేయడానికి డబ్బు లేక కాదు, రెండో తరగతి టికెట్టు కొనగలవాడు మూడో తరగతికి దిగిపోకుండా ఉండాలని. డెనెకెరె, మెకాఫీ అనే ఆర్థికవేత్తలు 1996లో ఇలాంటి వాటిని 'దెబ్బతీసిన సరుకులు'గా విశ్లేషించారు. ఇంటెల్ 486ఎస్‌ఎక్స్ చిప్‌లో గణిత విభాగాన్ని పనిచేయకుండా చేసి తక్కువ ధరకు అమ్మడం వారిచ్చిన ఉదాహరణల్లో ఒకటి. స్టార్టర్ కూర్పులూ ఈ కోవలోకే వస్తాయి.

సమర్థన వాదాలు

మొదటిసారి కంప్యూటర్ ముట్టుకునేవారికి తేలిగ్గా ఉండాలని, పైరసీ తగ్గాలని ఇలా చేశామన్నది మైక్రోసాఫ్ట్ వాదన. స్థానిక భాషలో సహాయ పాఠాలు ఇచ్చిన మాటా నిజమే. అయితే తేలిక చేయాలంటే దారి చూపించాలి, తలుపు మూయకూడదు. నలుగురు ఒకే కంప్యూటర్ వాడుకునే ఇంట్లోనే వేర్వేరు ఖాతాల అవసరం ఎక్కువ. కోత పడింది సరిగ్గా అక్కడే. మూడు ప్రోగ్రాముల నిబంధనను 2009లో ఎత్తేయగలిగారంటే, దాని వెనుక సాంకేతిక అవసరం లేదనే అర్థం.

పరిమితులన్నీ ఒకటి కావు. ఆండ్రాయిడ్ గో మొదట 1 జీబీ, అంతకన్నా తక్కువ మెమరీ ఉన్న ఫోన్ల కోసం తేలికపరిచిన కూర్పుగా వచ్చింది. అక్కడి హద్దు హార్డ్‌వేర్‌ది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 'స్వేచ్ఛ' కార్యకర్తలు తెలుగులోకి తెచ్చిన గ్నూ/లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్స్ ఉచితంగా దొరుకుతాయి, వాటికి తాళాలు లేవు. అయితే విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే డీటీపీ షాపు ఒక్కరోజులో అటు మారలేదు. ఆ ఇబ్బందిని కాదనలేం.

ముగింపు

ఈ ధోరణి స్టార్టర్‌తో ఆగలేదు. 2021లో బడుల కోసం వచ్చిన విండోస్ 11 ఎస్‌ఈలో అనుమతించిన యాప్‌లు తప్ప వేరేవి పెట్టుకునే వీలు లేదు. దానికి మద్దతు కూడా 2026 అక్టోబరుతో ముగుస్తుందని ప్రకటించారు. కాబట్టి బడికి గానీ, గ్రంథాలయానికి గానీ, ఇంటికి గానీ కంప్యూటర్ కొనేటప్పుడు ధరతో పాటు ఒక ప్రశ్న అడగండి: ఇందులో లేనిది యంత్రం చేయలేక లేదా, చేయనివ్వక లేదా? చేయనివ్వకపోవడమే కారణమైతే, ఆ కంప్యూటర్‌కు డబ్బు పెట్టకూడదు.