భూప్రదక్షిణ విమాన టికెట్టు

భూప్రదక్షిణ విమాన టికెట్టు అనగా భూగోళాన్ని ఒకే దిశలో చుట్టి, బయలుదేరిన దేశానికే తిరిగి చేరుకొనేందుకు విమానసంస్థల కూటమి ఇచ్చే టికెట్టు. ఉదాహరణకు వన్‌వరల్డ్ కూటమి టికెట్టులో 3 నుండి 6 ఖండాలు, అత్యధికంగా 16 ప్రయాణ భాగాలు ఉండవచ్చును. గడువు ఒక సంవత్సరం. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలు రెండింటినీ దాటవలెను. ధర ఖండాల సంఖ్యను, తరగతిని, బయలుదేరే దేశాన్ని బట్టి మారుతుంది.

ఈ కూటమిలో భారతీయ సంస్థ లేదు. అయితే ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి సభ్యసంస్థల విమానాలు హైదరాబాదు నుండి ఉన్నవి. పల్నాడు జిల్లా నకరికల్లు వాసులు అద్దంకి - నార్కట్‌పల్లి రహదారి మీదుగా శంషాబాదు చేరవచ్చును. అమెరికాలో కుమారుడు, ఆస్ట్రేలియాలో కుమార్తె ఉన్న తల్లిదండ్రులకు ఈ టికెట్టు అనుకూలం. ఒక్క అమెరికాకే వెళ్ళేవారికి మామూలు రానూపోనూ టికెట్టు చాలును.

అసలు చిక్కు వీసాలతోనే. ఐరోపాలోని షెంజెన్ దేశాల స్వల్పకాలిక వీసాకు ప్రయాణానికి 6 నెలలకంటె ముందుగా దరఖాస్తు చేయరాదు. సాధారణంగా నివాస దేశంలోనే చేయవలెను. తూర్పుగా బయలుదేరి, పిల్లలవద్ద నెలల తరబడి గడిపి, చివరగా ఐరోపా చూడదలచినవారు ఇక్కడే ఇబ్బంది పడతారు. కనుక పడమరగా వెళ్ళి ఐరోపాను ముందు చూడటం మేలు. అపుడు అమెరికా నుండి ఆస్ట్రేలియాకు పోవునపుడు అంతర్జాతీయ దినరేఖ వద్ద ఒక తేదీ లెక్క తప్పిపోతుంది. బస ఏర్పాట్లలో దీనిని గమనించవలెను. చెప్పకుండా ఒక విమానం ఎక్కకపోతే మిగిలిన భాగాలు రద్దు కావచ్చును.