రాజోలు తాలూకా నుంచి 72 మేళాలు

ఈమధ్య పత్రికల్లో శంకరగుప్తం పేరు కనిపించిందంటే అది డ్రెయిను గురించే. పోటుకు ఉప్పునీరు ఎగదన్నడం, కొబ్బరిచెట్లు మొవ్వులు ఎండి మోడులైపోవడం, రైతుల గోడు. రాజోలు దాటి, మలికిపురం మీదుగా సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టింది అక్కడే, 1930 జూలై 6న. ఆ సంగతి కోనసీమలో చాలామందికి తెలుసు. ఆయన గొంతు వినని ఇల్లు ఇక్కడ అరుదు. కానీ నాలుగు వందలకు పైగా రచనలు తానే రాసి, తానే రాగతాళాలు కట్టిన వాగ్గేయకారుడు ఆయన. గాయకుడికి దక్కిన ప్రేమలో సగమైనా ఆ వాగ్గేయకారుడికి సొంత గడ్డ మీద ఇంకా దక్కలేదు.

ఆ ఇంటికి సంగీతం కొత్త కాదు. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు. తల్లి సూర్యకాంతమ్మది వీణ. ఆమె తండ్రి ప్రయాగ రంగదాసు స్వయంగా కీర్తనలు కట్టినవారు. అంటే పాట కట్టడమనే విద్య ఈ పిల్లవాడికి తాతగారి వైపు నుంచే వచ్చింది. తల్లి మాత్రం పసిగుడ్డును వదిలి కన్నుమూసింది. తండ్రి, పెద్దమ్మ సుబ్బమ్మ పెంచారు. పెట్టిన పేరు మురళీకృష్ణ. పసితనంలోనే పాడుతున్న తీరు చూసి హరికథా విద్వాంసులు ముసునూరి సత్యనారాయణ ముందు ‘బాల’ చేర్చారు. ఎనభై దాటినా ఆ ‘బాల’ ఆయన్ను వదల్లేదు.

అప్పటి కోనసీమలో సంగీతం లేకపోలేదు. గుళ్ళలో సన్నాయి, శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలు, రాత్రిళ్ళు భజనలు ఉండేవి. ముమ్మిడివరం వంటి చోట్ల కళావంతుల ఇళ్ళలో క్షేత్రయ్య పదాలు అభినయంతో సహా బతికాయి. వాళ్ళు ఆ పదాలను నోటికి పట్టుకుని, కూతుళ్ళకూ మేనకోడళ్ళకూ నేర్పి నిలబెట్టారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను చట్టంతో రద్దు చేసింది. అవసరమైన చట్టమే. కానీ ఆ స్త్రీల దగ్గరున్న విద్యకు ఆసరా చూపినవాళ్ళు లేరు. ఇక్కడి సంగీత చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ళను పక్కన పెడితే అది సగం చరిత్రే అవుతుంది.

లేనిదల్లా కచేరీ సంగీతాన్ని ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి నేర్పే గురుకులం. దానికోసం గోదావరి పాయ దాటాల్సిందే. మురళి విజయవాడ చేరాడు. అక్కడ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికం. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి గురువు ఆకుమడుగుల మానాంబుచావడి వెంకటసుబ్బయ్య త్యాగరాజస్వామికి బంధువు, నేరుగా శిష్యుడు కూడా. త్యాగరాజుతో మొదలుపెట్టి లెక్కిస్తే శంకరగుప్తం పిల్లవాడిది అయిదో తరం. కావేరీ తీరాన తెలుగు మాటలతో పుట్టిన సంగీతం కృష్ణాతీరం మీదుగా ఇలా గోదావరి పిల్లవాడి గొంతులోకి వచ్చింది.

చిన్నవయసులోనే కచేరీలు మొదలుపెట్టి పేరు తెచ్చుకున్న పిల్లలు ఇంకొందరున్నారు. ఈ కుర్రవాడు చేసిన మరో పని మాత్రం అసాధారణం. పదిహేనేళ్ళ ప్రాయానికే 72 మేళకర్త రాగాల మీదా పట్టు సాధించి, ఒక్కోదానిలో ఒక్కో కృతి కట్టడానికి పూనుకున్నాడు. ఆ బరువు తెలియాలంటే మేళకర్తల సంగతి కొంచెం చెప్పుకోవాలి. 17వ శతాబ్దంలో వెంకటమఖి స్వరస్థానాల లెక్క కట్టి 72 మేళాలకు చోటు చూపాడు. వాటిలో 40 వివాది మేళాలు, అంటే పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకునేవి. తోడి, కల్యాణి, శంకరాభరణం ఎవరైనా పాడతారు. వివాది మేళాల్లో చాలావాటి జోలికి పెద్ద విద్వాంసులు కూడా తరచుగా పోరు. తమిళంలో కోటీశ్వర అయ్యర్ 72 మేళాల్లోనూ కృతులు రాశారు. ఇటు బాలమురళి కృతులు ‘జనక రాగ మంజరి’గా 1952లో అచ్చయ్యేసరికి ఆయనకింకా పాతికేళ్ళు రాలేదు. తర్వాత వాటినే తన గొంతుతో ‘రాగాంగ రవళి’ పేరిట తొమ్మిది భాగాలుగా రికార్డు చేశారు. నేర్చుకోదలచినవారికి ఇంతకన్నా ఏం కావాలి? రాసినవాడే పాడి వదిలివెళ్ళిన పాఠం అది.

అక్కడితో ఆగలేదాయన. రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలన్న కట్టుబాటును దాటి చూశారు. స, గ, ప, ని - ఈ నాలుగింటితో మహతి. స, రి, మ, ద - వీటితో లవంగి. సర్వశ్రీలో ఉన్నవి మూడే: స, మ, ప. లవంగిలో కట్టిన ‘ఓంకారాకారిణి’ వింటుంటే స్వరాలు తక్కువన్న మాటే గుర్తుకు రాదు. మిగిలిన ఆ నాలుగింటినే అటూ ఇటూ తిప్పి, ఊపి, నిలిపి అంత వెడల్పు చూపిస్తారు. మహతి అయితే సినిమాకూ వెళ్ళింది. 1975లో వచ్చిన తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్.విశ్వనాథన్ ఒక పాటను ఆ రాగంలోనే కట్టారు.

మద్రాసులో ఈ కొత్త రాగాల మీద పెద్ద రగడే జరిగింది. వీణ ఎస్.బాలచందర్ గట్టిగా ఎదురు తిరిగారు. నాలుగు స్వరాలది రాగమెలా అవుతుంది, దాన్ని పుట్టించానని ఒకరు చెప్పుకోవడమేమిటన్నది వాదన సారం. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. అయితే ఖరహరప్రియను ఇవాళ మనం ఇంత పెద్ద రాగంగా వింటున్నామంటే అది త్యాగరాజు కృతుల చలవే. రాగానికి ఉనికి పట్టికలో చోటుతో రాదు, కృతితో వస్తుంది. మహతి, లవంగి ఇప్పటికీ కచేరీల్లో వినిపిస్తున్నాయి కాబట్టి ఆ తగువు చాలావరకు తీరినట్టే.

ఇక బాలమురళి కట్టిన కుంతలవరాళి, బృందావని, కదనకుతూహలం తిల్లానాలు భరతనాట్య వేదికల మీదికి, ఇతర భాషల వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాయి. ‘మురళి’ ముద్ర వినిపించినప్పుడు అది ఎవరి రచనో తమిళ, కన్నడ శ్రోతలకు చెప్పనక్కర్లేదు.

రాజోలు తాలూకా ఇచ్చింది ఒక్కరినే కాదు. 1928లో రాజోలులోనే ఓలేటి వెంకటేశ్వర్లు పుట్టారు. కాకినాడలో మునుగంటి వెంకట్రావు పంతులు గారి దగ్గర, తర్వాత శ్రీపాద పినాకపాణి దగ్గర నేర్చుకున్నారు. బాలమురళిలా దేశాలు తిరగలేదు, రాగాలు పుట్టించలేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూ, ఒక్కో రాగం లోతు ఎంతో వినిపించి 1989లో వెళ్ళిపోయారు. విద్వాంసులు చెవికోసుకునే పాట ఆయనది. అదే రేడియోలో బాలమురళి కూడా పనిచేశారు. పొద్దున్నే భక్తిరంజనిలో ఆయన పాడిన రామదాసు కీర్తనలు లంక గ్రామాల దాకా చేరాయి. అంటే రాజోలు పక్క పుట్టిన ఇద్దరూ పాయ దాటి వెళ్ళి, రేడియో పెట్టెలోంచి తిరిగి తమ ఊళ్ళకే వచ్చారు.

బాలమురళికి 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్సు ప్రభుత్వ షెవాలియే గౌరవం దక్కాయి. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. అమలాపురం, కొత్తపేట, రాజోలుల్లో ఇప్పుడు సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు సరళీస్వరాలు, గీతాలు దాటి త్యాగరాజ కృతుల దాకా వస్తారు. ఆ పక్కనే తమ జిల్లా వాగ్గేయకారుడి కృతి ఒకటి నేర్పడం గురువులకు కష్టమేమీ కాదు. గంభీరనాట వర్ణంతో మొదలుపెట్టవచ్చు. 2028 ఓలేటి నూరేళ్ళ ఏడు, 2030 బాలమురళిది. రాజోలులో మొదటిది జరిపి, ఆ రెండేళ్ళలో 72 మంది పిల్లలకు తలా ఒక మేళకర్త కృతి నేర్పిస్తే, 2030 జూలై 6న శంకరగుప్తంలో కనకాంగి నుంచి రసికప్రియ దాకా వరసగా పాడించవచ్చు.