మోకాటి లోతు నీళ్లలో మోటారు పరుగు

పడవ పందెమంటే మనకి నిండు నదీ, తెడ్ల చప్పుడూ గుర్తొస్తాయి. కానీ పిక్కలు తడిసేపాటి నీళ్ల మీద గంటకి వంద కిలోమీటర్ల పైన దూసుకుపోయే పడవలున్నాయంటే నమ్ముతారా?

ఈ కథ మొదలైంది న్యూజిలాండులో, గొర్రెల మందల మధ్య. బిల్ హామిల్టన్‌కి వృత్తి గొర్రెల పెంపకమే అయినా యంత్రాలంటే ప్రాణం. ఇంటి దగ్గరే కార్ఖానా పెట్టుకున్నాడు. అక్కడి నదులు మంచుకొండలు దిగి, విప్పిన జడలా పాయలు పాయలుగా గులకరాళ్ల మీద పారతాయి. మామూలు మోటారు పడవ వేస్తే అడుగున తిరిగే ప్రొపెల్లరు రాయికి తగిలి విరగాల్సిందే. ఈయనకేమో ఏటికి ఎదురెక్కాలని కోరిక!

అందుకని ప్రొపెల్లరునే మానేశాడు. పడవ అడుగునుంచి నీళ్లు పీల్చి, పంపుతో వెనక్కి చిమ్మే ఏర్పాటు చేశాడు. ఆలోచన పాతదే. అప్పటికే ఉన్న ఒక అమెరికా పంపుని చూసి మొదట నీటి లోపలే ధార వదిలాడు. పడవ నత్తనడక నడిచింది. 1954 ప్రాంతంలో ధారని నీటిమట్టానికి కాస్త పైకి తెచ్చేసరికి పడవకి ప్రాణం లేచొచ్చింది. 1960లో ఈ పడవలు అమెరికాలో కొలరాడో నదికి ఎదురెక్కాయి. ఎవరెస్టు హిల్లరీ 1977లో బంగాళాఖాతం నుంచి మన గంగమ్మకి ఎదురెళ్లిందీ వీటి మీదే. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చి ఆగిపోయారు.

అవసరానికి పుట్టింది ఆటకెక్కడానికి ఎంతసేపు? 1980ల మొదట్లో న్యూజిలాండులోనే పందేలు మొదలయ్యాయి. మట్టిదిబ్బల మధ్య మెలికలు తిరిగే ఇరుకు కాలవలు. పడవ వెంట పడవ ఒంటరిగా పరుగెత్తాలి, పోటీ గడియారంతోనే. ఇందులో ఒక చిక్కుంది. ఈ పడవకి చుక్కాని లేదు, ధారని ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. భయపడి జోరు పూర్తిగా తగ్గించారో, ధార ఆగి పడవ మాట వినడం మానేస్తుంది. గట్టెక్కి కూచున్న పడవలెన్నో!

పడవలో ఇద్దరుంటారు. ఒకరు నడిపితే, పాతిక పైచిలుకు మలుపుల వరస కంఠతా పెట్టి రెండోవారు దారి చూపాలి. ఇంజను హోరులో మాట వినపడదు కనుక చేతి సైగే భాష. ఒక్క మలుపు తప్పు చూపిస్తే ఆ పరుగు లెక్కలోకి రాదు. పక్కన కూచున్నవాళ్లకేం పని అనేవాళ్లు ఒకసారి ఆ సీట్లో కూచుని చూడాలి!

హామిల్టన్ మాత్రం ఈ వేడుకేదీ చూడకుండానే 1978లో కన్నుమూశాడు. పాపం, ఆయన అడిగింది పందెం కాదు. ఊరవతలి ఏటికి ఎదురెళ్లే దారి.